తుక్కు మాది, ధర వాళ్ళది!

ఇప్పుడే మా కస్టమ్స్ బ్రోకర్ ఫోన్ పెట్టేశాడు. నా బీపీ ఇంకా దిగలేదు. "అన్నా, వాల్యూ పెంచిన్రు. ఒప్పుకుంటున్నమని లెటర్ ఇచ్చెయ్, సాయంత్రానికి కంటైనర్ బయటికొస్తది" అంటాడు. ఎంత తేలికో!

విదేశం నుంచి తెప్పించిన అల్యూమినియం తుక్కు. ఇన్వాయిస్ ఉంది, కాంట్రాక్టు ఉంది, డబ్బు వెళ్ళింది బ్యాంకు నుంచే. అయినా అంత తక్కువకి ఎలా వచ్చిందని కస్టమ్స్ వాళ్ళకి అనుమానం, సుంకం లెక్కకి వాళ్ళే ధర పెంచేశారు. వాళ్ళు పట్టుకునేది లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ రేటు. అది మేలిమి లోహం రేటు నాయనా! కాటేదాన్‌లో మా షెడ్డుకి వచ్చి ఒక్క బేలు విప్పి చూడండి. వంకర్లు పోయిన కిటికీ ఫ్రేములు, వాటిని వదలని రబ్బరు బీడింగు, తుప్పు పట్టిన ఇనప స్క్రూలు, మట్టి. కరిగిస్తే పైకి తేలే చిట్టెం తోడలేక మా వాళ్ళ రెక్కలు పడిపోతాయి. ఆ మట్టికి కూడా లండన్ రేటు కట్టాలా?

సుప్రీంకోర్టు చెప్పలేదా అంటే, చెప్పింది. 2018లో సంజీవని నాన్ ఫెర్రస్ కేసు, 2019లో సెంచురీ మెటల్ రీసైక్లింగ్ కేసు. రెండూ అల్యూమినియం తుక్కు గొడవలే. ఇన్వాయిస్ ధరని కాదనాలంటే కారణం చూపించాల్సిందే అంది. కస్టమ్స్ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం కూడా ధర మార్చితే 15 రోజుల్లో కారణాలు రాసి ఆర్డర్ ఇవ్వాలి. దిగుమతిదారు రాసిచ్చి ఒప్పుకుంటే మాత్రం అక్కర్లేదు. అందుకే ఈ లెటర్ ముచ్చట! 15 రోజులు ఆగుదామంటే సరుకు అక్కడే ఉన్నందుకు పడే డెమరేజ్ ఆగదు, కంటైనర్ తిరిగివ్వనందుకు షిప్పింగ్ కంపెనీ వేసే డిటెన్షన్ ఆగదు. గొంతు మీద కాలేసి "స్వచ్ఛందంగా" సంతకం చేయమంటారు. తర్వాత అప్పీలుకి పోతే "మీరే ఒప్పుకున్నారుగా" అంటారు. ఆ అప్పీలుకైనా గొడవలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందే కట్టాలి, ట్రిబ్యునల్‌కైతే 10. న్యాయానికి ఎంట్రీ టికెట్ అన్నమాట.

2025 బడ్జెట్లో సీసం, జింక్ తుక్కుకి సుంకం మొత్తం ఎత్తేశారు. సంతోషం. మా మొహాలకి మాత్రం 2.5 శాతం అలాగే ఉంచారు. పైన దిగుమతి మీద పడే జీఎస్టీ, అదే ఐజీఎస్టీ, 18 శాతం. కట్టిన జీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది కదా అనే మేధావులకి ఒక నమస్కారం. అది వచ్చేదాకా వడ్డీ మీరు కడతారా?

అసలు మంట వేరే ఉందిలెండి. తుక్కు వ్యాపారం అనగానే దొంగ అన్నట్టు చూస్తారు. ఆఫీసరు దాకా ఎందుకు, మా బావగారే! కొంపల్లిలో గృహప్రవేశానికి పిలిచి, నలుగురి ముందు "మా బావమరిది, పాత సామాన్ల బిజినెస్" అని పరిచయం చేశారు. అమ్మాయి సంబంధం వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. నా గోడు చెప్పుకుంటే "నిప్పు లేనిదే పొగ రాదు కదా బావా, ఊరికే పట్టుకుంటారా" అని నవ్వారు. ఆయన కొత్త కారు ఇంజిన్లో అల్యూమినియం పోత భాగాలు ఎన్ని ఉన్నాయో, వాటికి లోహం ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మా అక్క ముఖం చూసి ఊరుకున్నాను. దసరాకి ఇంటికొస్తున్నారట. రానివ్వండి. ముందు కాటేదాన్ తీసుకెళ్ళి ఆ ఫర్నేస్ పక్కన ఒక గంట కుర్చీ వేస్తా.