హీటర్ సంగతి సరే, మే నెల రాత్రుల మాటేమిటి?

హీటర్ లేని గ్రీన్‌హౌస్‌లో చలిప్రాంతపు బుల్లి ఆర్కిడ్లు హాయిగా పెరుగుతాయని ఆర్కిడ్ల పెంపకం మీద ఒక వ్యాసంలో రాశారు. ఊటీలో అయితే నిజమే. హనుమకొండలో డాబా మీద షేడ్ నెట్ కింద మొక్కలు పెంచే నాకు మాత్రం అసలు టెన్షన్ ఎండాకాలంతోనే.

మాస్‌డెవాలియా, డ్రాకులా లాంటి ఆ బుల్లి ఆర్కిడ్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే అడవుల మొక్కలు. నీళ్లు దాచుకునే దుంపలు వీటికి ఉండవు. పగలు 25 డిగ్రీల లోపు, రాత్రి 12 దరిదాపుల్లో ఉంటేనే కులాసాగా ఉంటాయి. మనకు మే నెలలో పగలు 43, రాత్రి 28! పొడిగాలి ఉన్నన్నాళ్లూ కూలర్ పగటి వేడిని కొంత తగ్గిస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక అదీ పెద్దగా పనిచేయదు. వేడికి తట్టుకోలేక ఆకు మొదలు దగ్గర నల్లబడి, ముట్టుకోగానే ఊడి చేతికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి వీటికి వేలు పోసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

చిన్నవే కావాలంటే కరీబియన్ దీవుల టోలుమ్నియా ఆర్కిడ్ తెచ్చుకోండి. వేలెడంత ఆకులు, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. కుండీ వద్దు, కర్రముక్కకు కట్టి పొద్దున్నే తడపండి. సాయంత్రానికల్లా వేళ్లు ఆరిపోవాలి, అదే ముఖ్యం. కాస్త పెద్దదైనా పర్లేదంటే మన అడవి చెట్ల మీద పెరిగే వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ ఉంది, గోధుమరంగు గళ్ల పూలు, మంచి వాసన. దయచేసి అడవిలోంచి పీక్కురావద్దు, నర్సరీలో పెంచినదే కొనండి.