కచేరీనా, పాఠమా?

సంగీత కళాశాలలో వయొలిన్ అధ్యాపకురాలి ఉద్యోగం వచ్చినా, చేరనంటోంది అమ్మాయి. బాబాయి వయొలిన్ మాస్టారు.

అమ్మాయి: రోజూ నాలుగు గంటలు అపశ్రుతి వింటే నా చెవి ఏమైపోతుంది బాబాయ్? ఇక సాధన ఎప్పుడు?

బాబాయి: వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడిగా 1919లో చేరారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. సంగీత కళానిధి బిరుదు 1941లో వచ్చింది. పాఠం ఆయన వయొలిన్ వాయించే కమానుకు అడ్డొచ్చిందా?

అమ్మాయి: ఆయన పేరెత్తి నా నోరు మూయించకు. ఉద్యోగంలో పడి కచేరీలు మానేసినవాళ్ల పేర్లు ఎవరు చెబుతారు? పక్కవాద్యానికి కూర్చుంటే గాయకుడు ఏ రాగం ఎత్తుకుంటాడో తెలియదు. ఆయన ఆలాపన ఆపగానే నేను అందుకోవాలి. ఆ చురుకు పిల్లల మొదటి పాఠాలు, సరళీ వరసలు చెబితే నిలుస్తుందా?

బాబాయి: నిలవదు, ఒప్పుకుంటాను. దానికి వేదికే కావాలి. కానీ నీ గమకం, ఆ స్వరం ఊపు, ఎందుకు పలుకుతోందో నీకు తెలుసా? పిల్లాడికి పలకనప్పుడు వెతకాలి. వాడు వయొలిన్ తలను కుడి చీలమండ దగ్గర ఆనించడు. బరువంతా ఎడమచేతి మీద పడుతుంది. బొటనవేలు బిగుసుకుంటుంది, ఇక జారుడు ఎక్కడిది? కీచుమంటే కమాను బ్రిడ్జికి మరీ దగ్గరగా పోతోందా, మణికట్టు బిగిసిందా, కమానుకు రాసే రోజిన్ ఎక్కువైందా అని ఒక్కొక్కటే చూడాలి. ఇవన్నీ నీ చేతికి చిన్నప్పుడే అలవాటైపోయాయి. అందుకే నీ చేతిలో ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో నీకు తెలియదు. పాఠం చెబితే తెలుస్తుంది.

అమ్మాయి: మరి నువ్వు వయొలిన్ మీద వేళ్లు పెట్టే స్వరస్థానాలకు స్టిక్కర్లు అంటిస్తావే, అదేం పాఠం? తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలుస్తుందా? రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది. స్టిక్కరు ఆ వేలిని పాతేస్తుంది.

బాబాయి: పదిమంది ఉన్న తరగతిలో ఎనిమిదేళ్లవాడు నెల్లాళ్లు తప్పు చోట వేలు పెడితే, దాన్ని విడిపించడానికి ఏడాది పడుతుంది. తోడి దాకా వచ్చేసరికి పీకేస్తాను.

అమ్మాయి: అంతదాకా కన్ను చూస్తుంది, చెవి నిద్రపోతుంది. పంచమం (ప) తీగ మీద పై షడ్జం (స) సరిగ్గా పడితే పక్కనున్న షడ్జం తీగ తనంతట తానే మోగుతుంది. దాన్ని వినమను, చాలదా?

బాబాయి: శ్రుతి కలిసిన వయొలిన్ మీద చాలు. పిల్లాడి వయొలిన్‌కి తీగలు బిగించే బిరడాలు పావుగంటకే జారిపోతాయే.

అమ్మాయి: జారినప్పుడల్లా నువ్వే శ్రుతి చెయ్యి. నాలుగు గంటలు అంటున్నది అందుకే కదా.