లాబీలో చేసిన రాజీ

డిసెంబర్‌లో వైజాగ్‌లో మన అమెరికా తెలుగు సంఘం జరిపిన సేవా కార్యక్రమాల ఫోటోలు పోయిన సంచికలో అందరూ చూసే ఉంటారు. పెద్దాయనకి శాలువా కప్పుతున్న ఫోటోలో, ఎడమ పక్క పళ్లెం పట్టుకున్న అమ్మాయి ముఖం సగమే పడింది. అంతకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి ఫిర్యాదు చేసింది ఆ పెద్దాయన మీదే.

ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఎవరా అని ఆరా తియ్యకండి. మెడికల్ క్యాంపులో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర టోకెన్లు రాసిన లోకల్ వాలంటీర్. రాత్రి పదకొండు దాటాక ఫోన్లు. "లిస్టు పట్టుకుని రూమ్‌కి రా" అని మెసేజీలు. గ్రూప్ ఫోటో అంటే భుజం మీద చెయ్యి, ఫోటో అయిపోయినా తియ్యని చెయ్యి. కోఆర్డినేటర్‌కి చెప్పింది. ఆయన మంచివాడే, కంగారుపడి ఇంకో ఇద్దరిని పిలిచాడు. మర్నాడు బీచ్ రోడ్డు హోటల్ లాబీలో ఆ అమ్మాయిని, పెద్దాయనని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. "నా కూతురు లాంటిదయ్యా" అన్నారాయన. కాఫీలొచ్చాయి. "క్యాంపు ఖర్చంతా వారిదేనమ్మా, ఇక్కడితో వదిలెయ్యి తల్లీ" అన్నారు మనవాళ్లు. తలూపింది. ఊపక ఏం చేస్తుంది, చుట్టూ నలుగురు మగవాళ్లు! ఆ మర్నాడు సాయంత్రం సన్మానానికి పట్టుచీరల్లో వచ్చిన అమ్మాయిలు తక్కువయ్యారని పళ్లెం ఆమె చేతికే ఇచ్చారు.

మనలో మనం కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి చట్టాలెందుకు అంటారు. ఆ పద్ధతిని నేనూ తీసిపారెయ్యను. మా చిన్నప్పుడు పెదవాల్తేరులో కుళాయి దగ్గర ఒకడు ఆడపిల్లల్ని ఏడిపిస్తుంటే, మా పెద్దమ్మ నేరుగా వాళ్లింటికెళ్లి, వాడి తల్లినీ పెళ్లాన్నీ అరుగు మీదకి పిలిచి, వీధంతా వినేలా కడిగేసింది. నీళ్లొచ్చే వేళకి వాడు మళ్లీ ఆ ఛాయలకి రాలేదు. మోటు పద్ధతే. కానీ పెద్దమ్మ ఎవరి పక్షమో వీధి వీధికీ తెలుసు. మరి లాబీలో కూర్చున్నవాళ్లు? వచ్చే ఏడు స్పాన్సర్‌షిప్ కోసం మళ్లీ ఆయన గుమ్మమే తొక్కాల్సినవాళ్లు.

"ఉద్యోగి కాదుగా, వాలంటీరేగా" అని బోర్డులో ఒకరు అన్నారట. అమెరికా లెక్కలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. ఉద్యోగాల్లో వివక్షని, వేధింపుల్ని నిషేధించే అక్కడి 1964 నాటి ఫెడరల్ చట్టంలోని టైటిల్ సెవెన్, జీతం లేని వాలంటీర్లకి సాధారణంగా వర్తించదు. 15 మంది ఉద్యోగులు లేని సంస్థ జోలికే పోదు. చట్టమంటే అక్కడిదే అని మురిసిపోయే మనకి, పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని అరికట్టడానికి ఇక్కడ ఇండియాలో ఉన్న, పోష్ అని పిలుచుకునే 2013 చట్టం పట్టదు. జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా, ఉద్యోగి కిందే లెక్క అంటుందది. ట్రస్టులు, సొసైటీలు కూడా దాని పరిధిలోవే. దానికి దారితీసిన 1997 సుప్రీంకోర్టు తీర్పు వెనక ఉన్న భన్వరీ దేవి కూడా ఆఫీసు ఉద్యోగి కాదు, రాజస్థాన్ పల్లెల్లో బాల్యవివాహాలు ఆపడానికి తిరిగిన కార్యకర్త.

10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు. 10 మంది లేకపోతే జిల్లాలో లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. వేధింపు జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో 3 నెలలు. విచారణ 90 రోజుల్లో తేల్చాలి. రాజీ కూడా చట్టంలో ఉంది. కాకపోతే దాన్ని అడగాల్సింది ఫిర్యాదు చేసినామె, కాఫీలు తెప్పించినవాళ్లు కాదు.

సంఘం ఎన్నికలొస్తే, జట్టుగా పోటీచేసే ప్యానెళ్ల కక్షలతో పేర్లు రోడ్డుకెక్కడం మనకి కొత్త కాదు, ఒప్పుకుంటాను. వాట్సాప్ గ్రూపులో తీర్పులిచ్చేస్తే పెద్దాయనకీ అన్యాయమే. అందుకే కాగితం కావాలి. ఆరోపణ ఏమిటో రాసి ఆయన చేతిలో పెట్టాలి, ఆయన జవాబూ రాతలో తీసుకోవాలి. తేలేదాకా ఇద్దరి పేర్లూ బయటికి పొక్కకూడదు, ఆయన వేదిక ఎక్కకూడదు. ఆహ్వాన పత్రికలు అచ్చయిపోయాయంటారా? అవనివ్వండి.

మన బైలాస్‌లో కోశాధికారి లెక్కలకి పేజీలకి పేజీలున్నాయి, దీనికి ఒక్క వాక్యం లేదు. మన ఎన్నికల్లో ఓటు లేని, మన చందాలతో పనిలేని మహిళా లాయరో ప్రొఫెసరో వైజాగ్‌లో దొరకరా? త్వరలో ప్యానెళ్ల వాళ్లు ఓట్ల కోసం మీకు ఫోన్లు చేస్తారు. దయచేసి ఒక్కటి అడగండి: ఫిర్యాదు వస్తే ఎవరికివ్వాలి, ఆ మనిషి పేరు, నంబరు చెప్పండి అని. "అందరం కలిసి చూసుకుంటాం" అనే ప్యానెల్‌కి నా ఓటు లేదు.