బంగాళాఖాతం వారికి, హద్దుల విషయమై

మహారాజశ్రీ బంగాళాఖాతం వారి సముఖానికి,

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర కాపురం ఉంటూ, సర్వీసంతా హద్దు రాళ్లు పాతించి రిటైరైన రెవెన్యూ మనిషి రాసుకున్న విన్నపం.

తమరు మా ఒడ్డును కొద్దికొద్దిగా కోసుకుపోతున్నారు. ఇదేమిటంటే, "సముద్రం కదండీ, అనాదిగా ఉంది" అని మా ఊరివాళ్లే తమరి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నారు. అనాది అన్నది ఆఫీసులో చెల్లదు. మా దగ్గర ఐదు సెంట్ల జాగాకి కూడా అడంగల్, ఈసీ, లింకు డాక్యుమెంట్లు కావాలి. అందుకే తమరి రికార్డు తిరగేశాను. ఇంత అధ్వాన్నమైన ఫైలు నేనెప్పుడూ చూడలేదు.

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా ఇండియా, అంటార్కిటికాలది ఉమ్మడి ఆస్తి. మా తూర్పు కనుమలను ఆనుకునే అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్ ఉండేది. మా కొండల్లోని ఖోండలైటు, చార్నోకైటు రాళ్లకి వంద కోట్ల ఏళ్ల నాటి జ్ఞాతులు ఇప్పటికీ అక్కడ మంచులో ఉన్నారు. అన్నదమ్ములు విడిపోతే మధ్యలో పడిన ఖాళీలో తమరు దిగారు. మా కొండల ముందు తమరు నిన్నగాక మొన్న వచ్చినవారు. ఆ పంపకమైనా సవ్యంగా జరిగిందా అంటే అదీ లేదు. ఆ అన్నదమ్ములు దక్షిణాన గట్టు గట్టు రాసుకుంటూ జారిపోయారు, మా ఉత్తరాన సాగి సాగి చీలారు. ఎలాన్ బ్యాంక్ అనే నేల ముక్క మన తీరం నుంచే ఊడి, ఎక్కడో దక్షిణాన సముద్రంలో మునిగి ఉన్న కెర్గ్యూలెన్ పీఠభూమి పక్కన చేరిందని శాస్త్రవేత్తల లెక్క. అక్కడ డ్రిల్లింగ్ చేస్తే గార్నెట్ అనే ఖనిజం ఉన్న, 'నైస్' అనే చారల రాళ్లు పైకొచ్చాయి. అవి మా వాటా రాళ్లండీ!

వయసు రుజువు అడిగితే మరీ అన్యాయం. సముద్రం అడుగున లావా గట్టిపడేటప్పుడు ఆనాటి అయస్కాంత దిశ అందులో నమోదైపోతుంది. భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైనప్పుడల్లా ఒక చార. చారలు లెక్కపెడితే వయసు తేలుతుంది. కానీ తమరి నేల చాలామటుకు తయారైన కాలంలో, అంటే 12.1 కోట్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల కిందటి వరకు, ధ్రువాలు దాదాపు తారుమారు కానేలేదు. గుమాస్తా కూర్చున్నాడు, రిజిస్టరు తెరిచే ఉంది, ఎంట్రీ మాత్రం లేదు. అంతకుముందు చారలు కనిపించాయని కొందరు పరిశోధకులు, అవి చారలే కావని ఇంకొందరు.

ఇక పూడిక. ఇండియా వెళ్లి ఆసియాని గుద్దుకుని సుమారు ఐదు కోట్ల ఏళ్లు. అప్పుడు లేచిన హిమాలయాన్ని గంగా, బ్రహ్మపుత్రలు అరగదీసి ఏటా సుమారు వంద కోట్ల టన్నుల మట్టి మోసుకొస్తున్నాయి. తమరు కిమ్మనకుండా మూడు వేల కిలోమీటర్ల పొడవున పరిపించుకున్నారు. ఉత్తరాన అది 16 కిలోమీటర్లకు పైగా మందం. ఎవరెస్టును నిలబెట్టి పూడ్చినా పైన ఏడు కిలోమీటర్ల మట్టి మిగులుతుంది. బంగ్లాదేశ్ వైపు దాని అడుగున ఉన్న పలక, అంటే భూమి పైపెంకు ముక్క, ఖండానిదా, సముద్రానిదా అన్న వాదన ఇంకా తెగలేదు. మెట్టో పల్లమో తేలని భూమికి ఏ శిస్తు వెయ్యమంటారు?

ఆ మట్టి కిందే, మా తీరానికి ఎదురుగా, 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి ఒక కొండల వరుసను దాచారు. కొండ ఉన్నచోట గురుత్వాకర్షణ కాస్త ఎక్కువ చూపాలి. తమరిది తక్కువ చూపిస్తోంది. అదే వరుస శ్రీలంక దాటి కిందికి పోయాక ఎక్కువ చూపిస్తోంది! బరువుకి కింది పలక వంగిందనీ, పైన పాత మట్టి నలిగి రాయంత గట్టిపడిందనీ ఏవో సంజాయిషీలు విన్నాను. ఉత్తరాన లోటు, దక్షిణాన మిగులు రాసిన కరణాన్ని బ్రిటిషు కలెక్టరైనా వదిలేవాడు కాదు. ఆ పక్కన తొంభై డిగ్రీల దగ్గరున్న పెద్ద వరుస నయం. భూగర్భం నుంచి లావా ఉబికే కెర్గ్యూలెన్ హాట్‌స్పాట్ సంతానాన్నని నేరుగా ఒప్పుకుంటుంది.

2014 మే 21 రాత్రి తమరు నడి సముద్రంలో, 47 కిలోమీటర్ల లోతున భూకంపమై కదిలారు. ఒడిశా నుంచి చెన్నై దాకా జనానికి టెన్షన్. మామూలుగా కంపించే పలక అంచు అండమాన్ దగ్గరుంటే మధ్యలో ఈ కదలడం ఎవరి అనుమతితో?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పేరుతో వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడగొట్టారు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు కూలిన చెట్టు పక్కన నిలబడి మా రైతుని సర్వే నంబరు అడిగారు, పాస్‌పుస్తకం అడిగారు, ఆధార్ అడిగారు. చెట్టు పడగొట్టినవారిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

కాబట్టి రీసర్వే పూర్తయి, వయసూ హద్దూ తేలేవరకు తమరు ఉన్నచోటే ఉండవలసిందిగా మనవి. ఒక్క గజం ముందుకొచ్చినా ఆక్రమణ కింద రాయబడును.

ఇట్లు,
తమరి పడమటి హద్దుదారు

నకలు: హిమాలయం వారికి, మట్టి పంపడం తగ్గించగోరుతూ.
నకలు: అండమాన్ అంచున వీరి పలకను ఏటా కొంత మింగుతున్న బర్మా పలక వారికి, సర్వే అయ్యేదాకా కాస్త నెమ్మదిగా తినగోరుతూ.