పక్కవాళ్ల ఆత్మపరీక్ష

మన సంఘాల్లో ఆత్మపరీక్ష సన్నగిల్లిపోయిందని ఈ మధ్య ప్రతి ఉజ్జీవ సభలోనూ ఎవరో ఒక దైవజనుడు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. ఇది అన్యాయమైన అభియోగం. పరీక్ష దివ్యంగా జరుగుతోంది. కాకపోతే ఎవరిది వాళ్లు రాసుకోవడం లేదు, అంతే.

నమ్మకం లేకపోతే నెల మొదటి ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు సంస్కారానికి ముందు పాస్టరు అయ్యగారు కొరింథీయుల మొదటి పత్రిక పదకొండో అధ్యాయం తెరిచి, “ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను” అని చదివి, ఓ రెండు నిమిషాలు మౌనం ఇస్తారు. తలలు వంగుతాయి, ముసుగులు సర్దుకుంటాయి. కళ్లు మాత్రం సగమే మూసుకుంటాయి. పూర్తిగా మూసేస్తే బల్ల దగ్గరికి ఎవరెవరు వెళ్తున్నారో తెలిసేదెలా? ‘ఈయనా? అన్నతో పొలం గట్టు తగాదా ఇంకా కోర్టులోనే ఉందిగా!’ ‘ఈవిడా? చీటీ పాడుకుని నెలనెలా వాయిదా కట్టడం మానేసింది, ఏ మొహంతో వెళ్తోందో!’ రెండు నిమిషాల్లో సగం సంఘం లెక్క తేలిపోతుంది. ఇంత పని చేశాక తన సంగతి చూసుకోవడానికి టైమెక్కడిది? ఈలోగా చిన్న గ్లాసు చేతికొచ్చేస్తుంది.

ఆ పత్రిక రాసిన పౌలు ఆ మాట ఏ సందర్భంలో రాశాడో మాత్రం ఎవరూ పెద్దగా చదవరు. చదవకపోవడమే క్షేమం. కొరింథులో సంఘంగా కూడుకున్నప్పుడు ఉన్నవాళ్లు ముందే తినేసి తాగి తూలుతుంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చునేవారు. ఆ గొడవ మీదే ఆయన పరీక్ష పెట్టాడు. అంటే సిలబస్‌లో మొదటి పాఠం పంక్తి భోజనం! సంఘమంతా కలిసి తినే మన ప్రేమవిందులో కమిటీవారికీ, వారి బంధువులకూ లోపలి గదిలో కుర్చీలు, లెగ్ పీసులు. షామియానా కింద నిలబడ్డ తక్కిన విశ్వాసులకు కుష్కా, మీద కాస్త గ్రేవీ. ఇందులో తప్పేముంది? బాగా పాలించే పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని తిమోతి పత్రికలో స్పష్టంగా ఉంది. మనిషికి రెండు లెగ్ పీసులంటే వాక్యానుసారమే.

ఆదివారం ప్రసంగం వినడంలో కూడా మనవాళ్లది గొప్ప నిస్వార్థం. కోపం గురించి చెబితే భార్యకు భర్త గుర్తొస్తాడు, నోటి దురుసు గురించి చెబితే భర్తకు అత్తగారు గుర్తొస్తుంది. తన కోసం ఒక్క ముక్క కూడా దాచుకోరు, మొత్తం పంచేస్తారు. పూర్వం “ఈ వాక్యం మా తోడికోడలు విని ఉండాల్సింది” అని గుమ్మం దగ్గర నిట్టూర్చి ఊరుకునేవారు. ఇప్పుడా బెంగ లేదు. యూట్యూబ్‌లో ఆ ముప్పై సెకన్ల ముక్క కత్తిరించి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద రెండు దండాల బొమ్మలు తగిలిస్తే చాలు. ఎవరికి పెట్టారో అందరికీ తెలుసు. ఆవిడా “ఆమేన్” అని కొట్టి, దాన్ని తన ఆడపడుచుకు పంపేస్తుంది.

అయితే ఈ విద్య పరిపూర్ణత అంతా బుధవారం స్త్రీల కూడికలో చూడాలి. “ప్రార్థన అంశాలు చెప్పండమ్మా” అంటారు పాస్టరమ్మగారు. ఒకావిడ గొంతు సవరించుకుంటుంది. “పేరెందుకులెండి అమ్మగారూ. మన వీధి చివర మేడింటి సిస్టర్ వాళ్ల రెండో పాప కోసం ప్రార్థన చేయాలి. హైదరాబాదులో ఉద్యోగం అన్నారు, మరి ఎవరో అబ్బాయి అంటున్నారు. మనకెందుకు, ప్రభువుకే తెలియాలి.” పేరు చెప్పలేదు, గమనించారా? సాత్వికం అంటే అదీ. ప్రార్థన మొదలయ్యాక ఇంకో ఆవిడ కళ్లు మూసుకునే అందుకుంటుంది: “తండ్రీ, ఆ అబ్బాయికి ఇదివరకే ఒక పెళ్లయిందన్న సంగతి నీకు తెలియనిది కాదు ప్రభువా!” ప్రభువుకు తెలుసు నిజమే. మిగతా వాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ రోజు పలికినంత గట్టి ఆమేన్ ఈస్టరుకు కూడా పలకదు.

పాతకాలం వాళ్లకు ఈ సౌకర్యాలు లేక పాపం నానా అవస్థలు పడ్డారు. స్పెయిన్‌లో ఇగ్నేషియస్ లొయోలా అని ఒకాయన, మానుకోవాలనుకున్న తప్పు ఎన్నిసార్లు చేస్తే అన్ని చుక్కలు పెట్టుకోమని రోజుకు రెండు గీతలు గీయించాడు. వారం తిరిగేసరికి చుక్కలు తగ్గాయో లేదో పోల్చుకోవాలట. ఇంగ్లండులో జాన్ వెస్లీ అనే బోధకుడు ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. చిన్న చిన్న గుంపులు కట్టించి, 1738లో వాటికి నియమాలు రాసి, చేరేవాళ్లను ముందే అడిగించాడు: నీ తప్పులు నీకు మొహం మీదే చెప్పాలని కోరుకుంటున్నావా? ఆయన వారసులైన మెథడిస్టు మిషనరీలే తర్వాత మన మెదక్ వచ్చి అంత పెద్ద గుడి కట్టారు. 1924 నుంచి గుడి చెక్కుచెదరకుండా నిలబడింది. ఆ ప్రశ్న మాత్రం ఓడ దిగినట్టు లేదు. ఇప్పుడైనా చిన్న సవరణతో దాన్ని ప్రవేశపెట్టవచ్చని నా మనవి. “ఎదుటివాళ్ల తప్పులు చెప్పాలని కోరుకుంటున్నావా?” అని అడిగితే సభ్యత్వానికి గేటు దాకా క్యూ ఉంటుంది.

ఇక ఎదుగుదల. అది ఏటా డిసెంబరు 31 రాత్రి మొదలవుతుంది. పళ్లెంలోంచి, కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకుంటాం: “తలగా నియమించును గాని తోకగా నియమింపడు.” ఆ మాట ఉన్న ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, మిగతా 54 శాపాలు. ఇన్నేళ్లలో ఆ 54లోంచి ఒక్క కార్డు ఎవరికైనా వచ్చిందా? సంఘం ఎంత నీతిగా ఉందో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తానని మొక్కుకుని రోజుకు మూడు అధ్యాయాల చొప్పున బయల్దేరినవాళ్లు జనవరి నెలాఖరుకు, బలుల నియమాలతో నిండిన లేవీయకాండం గుమ్మం ఎక్కుతారు. తర్వాత వాళ్ల కబురు తెలియదు.

పెళ్లి సంబంధాల సంగతి ఎత్తకూడదు గానీ ఎత్తుతున్నాను. రక్షణ పొందిన, బాప్తిస్మం తీసుకున్న, ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావాలంటారు. అన్నీ కుదిరాక, ఫోను కాస్త నోటికి దగ్గరగా పెట్టుకుని, “అన్నట్టు, మనవాళ్లేగా?” అంటారు. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని పౌలు చెప్పాడు, ఒప్పుకుంటాం. మనం చూస్తున్నది గ్రీసు సంబంధం కాదు కదా.

కడరాత్రి భోజనం దగ్గర “మీలో ఒకడు నన్ను అప్పగించును” అని ప్రభువు అంటే, శిష్యులు ఒకరి తర్వాత ఒకరు “ప్రభువా, నేనా?” అని అడిగారు. సంఘ జీవితంలో అనుభవం లేనివాళ్లు. మనలో ఎవరున్నా “ప్రభువా, వాడేగా?” అని తేల్చేసేవాళ్లం. ఆ ఒక్కసారికి సరిగ్గా చెప్పేవాళ్లం కూడా.

దావీదు మాత్రం అచ్చం మనవాడే. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు పట్టుకుపోయి ఇంటికొచ్చిన బాటసారికి వండిపెట్టాడని నాతాను ప్రవక్త చెబితే, దావీదు మండిపడి, వాడు చావాల్సిందే, ఒకదానికి నాలుగు పిల్లలు ఇచ్చుకోవాల్సిందే అని అక్కడికక్కడే తీర్పిచ్చాడు. నాతాను అక్కడితో ఆపి, ఆశీర్వాదం పలికి, కానుక పుచ్చుకుని వెళ్లుంటే ఎంత చక్కటి కూడిక అయ్యుండేది! ఆయన ఆపలేదు. “ఆ మనుష్యుడవు నీవే” అని, దావీదు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకున్న సంగతి మొహం మీదే అనేశాడు. దావీదు ఏదో రాజు కాబట్టి సరిపెట్టుకుని పాపం ఒప్పుకున్నాడు. మన దగ్గర దానికో పద్ధతుంది. ఇలాంటి అయ్యగారు తగిలితే సోమవారం సాయంత్రానికల్లా సంతకాల సేకరణ మొదలవుతుంది. అర్జీలో “ప్రసంగాల్లో ఆత్మీయ ఆహారం లేదు” అని రాసి పైవాళ్లకు పంపుతాం. బదిలీ ఆర్డరు వచ్చిన ఆదివారం ఆయనకు శాలువా కప్పి, గజమాల వేసి, “అయ్యగారి పరిచర్య మమ్మల్ని ఎంతగానో బలపరిచింది” అని వరుసగా సాక్ష్యాలు చెప్తాం. ఫొటోలు కూడా దిగుతాం.