మూట విప్పే ముందు పాత బాకీ

పోయిన అక్టోబరులో ఒక శనివారం మా అక్క కూతురు మా ఇంటికి వచ్చింది. ఇక్కడే, అమెరికాలోని ఒహాయోలో ఎమ్మెస్ చదువుతోంది. వరసకు నాకూ కూతురే. అన్నం తింటూ తింటూ ఆగి, "పిన్నీ, ఒక యాభై డాలర్లు పంపిస్తావా? జీతం పడగానే ఇచ్చేస్తా" అంది. యాభై డాలర్లు అడగడానికి ఆ పిల్ల మొహం అంతగా చిన్నబోవడం చూసి నాకు ముద్ద దిగలేదు. కంచాలు తీసేశాక, "నీ బ్యాంకు యాప్ ఒకసారి తెరువమ్మా, ఇద్దరం చూద్దాం" అన్నాను.

ముందురోజు శుక్రవారం. ఇప్పుడు కొని తర్వాత కట్టే యాప్‌లలో తను కొన్నవాటికి, ఆ ఒక్కరోజే ఆమె ఖాతా మీదికి ఐదు వాయిదాలు వచ్చి పడ్డాయి. పరుపుకి 60, చలికోటుకి 40, మైక్రోవేవ్‌కి 24, ఇండియన్ స్టోరు సరుకులకి 21, బూట్లకి 18. మొత్తం 163 డాలర్లు. ఖాతాలో ఉన్నది 132. మొదటి మూడూ కట్ అయ్యాక మిగిలింది 8 డాలర్లు. సరుకుల 21కి తక్కువైనది బ్యాంకు తన డబ్బు కలిపి ఇచ్చేసి, అందుకు 35 డాలర్లు ఫీజు వేసింది. బూట్ల వాయిదా వెనక్కిపోయింది, దానికి బూట్లు కొన్న యాప్ 7 డాలర్లు లేటు ఫీజు వేసింది. అంటే 31 డాలర్లు తక్కువైనందుకు 42 డాలర్ల జరిమానా.

"ఇవన్నీ వడ్డీ లేనివే పిన్నీ" అంది. నిజమే, ఆ ఐదింటిలో దేనికీ వడ్డీ లేదు.

"మొత్తం ఇంకా ఎంత కట్టాలో తెలుసా?" అని అడిగాను. నూట యాభై ఉంటుందేమో అంది. మూడు యాప్‌లు తెరిచి, ఒక కాగితం మీద ఒక్కొక్కటీ రాసి కూడితే 291 డాలర్లు తేలింది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. కూడిక రాక కాదు, కూడాల్సిన అంకెలు ఒక్కచోట ఎప్పుడూ కనపడక.

ఇప్పుడు కొని తర్వాత కట్టే ఈ పద్ధతి తెలియనివాళ్లు మనలో తక్కువే. ఆన్‌లైన్‌లో ఏం కొన్నా చివర్లో క్లార్నా, అఫర్మ్, ఆఫ్టర్‌పే, పేపాల్, జిప్, సెజిల్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. 200 డాలర్ల వస్తువైతే ఈరోజు 50 కట్టి తెచ్చుకోవచ్చు. మిగతా 150 రెండు వారాలకో 50 చొప్పున మూడుసార్లు, మన డెబిట్ కార్డు నుంచి వాళ్లే తీసుకుంటారు. ఆరు వారాల్లో అయిపోతుంది. కొట్టువాడికి మాత్రం డబ్బు వెంటనే అందుతుంది, యాప్ కంపెనీ తన కమీషన్ పట్టుకుని మిగతాది ఇచ్చేస్తుంది. ఆ కమీషన్ చాలాచోట్ల క్రెడిట్ కార్డుకి ఇచ్చేదానికంటే ఎక్కువ. అయినా కొట్టువాడు ఎందుకిస్తాడు? నాలుగో వంతు ధర చూపిస్తే బుట్టలో వేసి వదిలేసేవాళ్లు కొంటారు, ఒకటి కొనేవాళ్లు రెండు కొంటారు. ఉచితంగా దొరికినట్టు కనపడే ఈ అరువు ఖర్చు అలా వస్తువు ధరలో ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది.

అసలు నాలుగు వాయిదాలే ఎందుకు? ఐదో, ఆరో ఎందుకు కాకూడదు? చాలామంది అడగని ప్రశ్న ఇది. అప్పు ఇచ్చేవాడు వడ్డీ ఎంతో, మొత్తం ఎంత కట్టాలో ముందే విప్పి చెప్పాలని అమెరికాలో 1968లో ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం మామూలుగా వర్తించేది వడ్డీ లాంటి ఖర్చు ఉన్న అప్పుకి, లేదా నాలుగు వాయిదాలకి మించి కట్టే అప్పుకి. వడ్డీ లేకుండా సరిగ్గా నాలుగు దగ్గర ఆగిపోతే ఆ గీతకి ఇవతలే ఉండిపోవచ్చు. మనం సౌకర్యం అనుకుంటున్న ఆ నాలుగు అనే అంకె ఈ గీత పక్కన కూర్చుని ఉంది.

రెండు వారాల గడువు కూడా ఊరికే రాలేదనిపిస్తుంది. ఈ దేశంలో చాలామందికి జీతం రెండు వారాలకోసారే పడుతుంది. అది ఇంటద్దెకి, తిండికి చేరేలోపే వాయిదా ముందు వెళ్లి నిలబడుతుంది. మా అమ్మాయి క్యాంపస్‌లో చేసే ఉద్యోగం వారానికి 20 గంటలు, చదువు నడిచే రోజుల్లో ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థికి అంతకు మించి పనిచేసే వీల్లేదు. గంటకి 13 డాలర్లు. రెండు వారాలకి 520. అందులో 163 వాయిదాలకే పోతే మిగిలేది 357, అందులోనే అద్దె వాటా, ఫోను, బస్సు. పరిమితి లేనిది ఖర్చుకే, సంపాదనకి చట్టమే పరిమితి పెట్టింది. మన పిల్లల విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

ఇంకొకటి ఉంది, ఇది మన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకే అర్థమవుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చుకుని చూస్తారు. 160 డాలర్ల చలికోటు అంటే పదమూడు వేలకి పైమాటే. వాళ్ల నాన్న పొలం కాగితాలు పెట్టి తెచ్చిన చదువు అప్పు కళ్ల ముందు కనపడుతుంది, చెయ్యి వెనక్కి వస్తుంది. ఆ లెక్క వాళ్లకి పెద్ద రక్ష. 160 బదులు 40 చూపించేసరికి ఆ రక్ష సన్నగిల్లుతుంది. "నాన్నని అడగలేక ఇలా చేశా పిన్నీ" అన్నప్పుడు నేను తనని ఏమీ అనలేకపోయాను. ఒహాయో చలికి కోటు కొనుక్కోవడం విలాసం కాదు కదా. గాలి పరుపుకి చిల్లిపడి నేల మీద పడుకున్న పిల్ల పరుపు కొనుక్కోవడమూ తప్పు కాదు. ఆ రెండింటికీ ఈ పద్ధతి నిజంగా ఆదుకుంది, అది నేను కాదనను. కానీ బూట్లూ, సరుకులూ కూడా అదే దారిలో వచ్చాయి. తినేసిన బియ్యానికి ఆరు వారాలు వాయిదా కట్టడం దగ్గరే నాకు ప్రాణం ఉసూరుమంది.

కృష్ణా జిల్లాలో మా ఊరికి సైకిల్ మీద చీరల మూట కట్టుకుని ఒకాయన వచ్చేవాడు. వారానికి ఐదో పదో వసూలు చేసుకుంటూ వాయిదాల మీదే ఇచ్చేవాడు. మా అమ్మ పెట్టెలో ఉన్న మంచి చీరలన్నీ ఆయన దగ్గర కొన్నవే. ఆయన సైకిల్ స్టాండు వేసి అరుగు మీద కూర్చోగానే మూట విప్పేవాడు కాదు. ముందు చొక్కా జేబులోంచి పొడుగాటి పుస్తకం తీసి, మా అమ్మ పేరున్న పేజీ తెరిచి, "అమ్మగారూ, పాత బాకీ నలభై రెండు" అనేవాడు. అమ్మ ఆ వారం పది ఇస్తే కొట్టేసి ముప్పై రెండు అని రాసి, పుస్తకం అమ్మ వైపు తిప్పి చూపించేవాడు. మూట ముడి విప్పడం ఆ తర్వాతే. చాలాసార్లు ఆ అంకె చూశాక, "ఇవాళ వద్దులే నాయనా" అనేది అమ్మ. ఆయన కూడా బలవంతపెట్టేవాడు కాదు, ఎందుకంటే అమ్మ కట్టలేకపోతే పోయేది ఆయన డబ్బే, మళ్లీ వారం రావాల్సింది ఆ అరుగు మీదికే.

ఈ యాప్‌లు తెరిస్తే ముందు కనపడేది పాత బాకీ కాదు. ఇంకా ఎంత కొనుక్కోవచ్చో పెద్ద అంకెల్లో కనపడుతుంది. బాకీ చూడాలంటే లోపలికి వెళ్లి వెతకాలి, అదీ ఆ ఒక్క యాప్‌లోదే. పక్క యాప్‌లో ఎంతుందో దీనికి పట్టదు, దీనిలో ఎంతుందో దానికి పట్టదు. ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే రాసేదాన్ని కాదు. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2025 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఇలా అప్పు తీసుకున్నవాళ్లలో 63 శాతం మంది ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఒకేసారి ఒకటికి మించిన అప్పులు మోశారు. 33 శాతం మంది వేర్వేరు కంపెనీల దగ్గర తీసుకున్నారు. అదే సంస్థ ఐదు కంపెనీల లెక్కలు చూస్తే 2019లో ఒక కోటి 68 లక్షలున్న ఈ అప్పులు 2021 నాటికి 18 కోట్లయ్యాయి.

క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు సరిగ్గా తీర్చామనే రికార్డు, పెరుగుతుందని కొందరు పిల్లలు వీటిని వాడుతున్నారు. ఆ నమ్మకం ప్రమాదం. ఈ నాలుగు వాయిదాల అప్పులు చాలాకాలం ఆ రికార్డు ఉంచే క్రెడిట్ బ్యూరోలకి చేరనే లేదు. 2025 ఏప్రిల్ నుంచి అఫర్మ్ తన అప్పులన్నీ ఎక్స్‌పీరియన్ అనే బ్యూరోకి చెప్పడం మొదలుపెట్టింది, క్రెడిట్ స్కోరు లెక్కకట్టే ఫైకో కూడా ఇలాంటి అప్పుల్ని లెక్కలోకి తీసుకునే కొత్త స్కోరు ప్రకటించింది. అందరూ ఒకే దారిలో లేరు. సమయానికి కట్టింది ఎక్కడా నమోదు కాకపోవచ్చు. కట్టకపోతే మాత్రం వసూలు ఏజెన్సీకి వెళ్లి, అక్కడినుంచి స్కోరు మీద మచ్చ పడే అవకాశం ఉంది. క్రెడిట్ కోసమే అయితే రెండు మూడు వందలు డిపాజిట్ పెట్టి బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో సెక్యూర్డ్ కార్డు తీసుకుని, నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేయడం నయం.

పెద్ద మొత్తాల సంగతి వేరు. అక్కడ నెలవారీ వాయిదాలు, వాటికి వడ్డీ ఉండొచ్చు, 36 శాతం దాకా కూడా. హైదరాబాద్ టికెట్టు 1,200 డాలర్లని 30 శాతం వడ్డీకి 12 నెలలు పెట్టుకుంటే నెలకి సుమారు 117. మొత్తం 1,404 అవుతుంది. ఆ 204 డాలర్లతో ఇంటికి ఎన్ని తీసుకెళ్లొచ్చో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వస్తువు వెనక్కిచ్చేటప్పుడు ఇంకో చిక్కు. కొట్టువాడు రిటర్న్ అందిందని యాప్‌కి చెప్పేదాకా వాయిదాలు కట్ అవుతూనే ఉండొచ్చు. అందుకే పార్సిల్ పంపిన రోజే రిటర్న్ చేశానని యాప్‌లో నమోదు చేసి, పోస్టు రసీదు ఫొటో తీసి పెట్టుకోవాలి. ఇలాంటి గొడవల్లో క్రెడిట్ కార్డుకి ఉండే రక్షణే వీటికీ ఉండాలని వినియోగదారుల సంస్థ 2024 మేలో చెప్పింది. ఏడాది తిరగకుండానే, 2025 మేలో, ఆ మాట వెనక్కి తీసుకుంది. అది నాకు బాధగా ఉంది. అదే నెలలో న్యూయార్క్ రాష్ట్రం ఈ కంపెనీలకి లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆస్ట్రేలియా 2025 జూన్ నుంచి వీటిని మామూలు అప్పుల చట్టం కిందికి తెచ్చింది. న్యూయార్క్ చేయగలిగింది మన ఒహాయో ఎందుకు చేయలేదు? మనం ఇక్కడ పన్నులు కట్టేవాళ్లం, ఓటున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. మన రాష్ట్ర ప్రతినిధులు మన సంక్రాంతి సంబరాలకి వచ్చినప్పుడు శాలువాతో పాటు ఈ ప్రశ్న కూడా అందిద్దాం.

ఆ శనివారం సాయంత్రం మేమిద్దరం ముందు బ్యాంకుకి ఫోన్ చేశాం. మొదటిసారి కదా అని మర్యాదగా అడిగితే 35 డాలర్లూ వెనక్కి వేశారు, అడగనిదే వేసేవాళ్లు కాదు. తర్వాత మూడు యాప్‌లలోని తేదీలన్నీ ఒకే కాగితం మీద రాశాం. పైన మొత్తం 291 అని, కింద ఏ శుక్రవారం ఎంతో, కుడివైపు ప్రతిసారీ మిగిలే బాకీ. ఆమె దాన్ని తన గదిలో ఫ్రిజ్ మీద అంటించింది. అది సున్నా అయ్యేదాకా కొత్తది తీసుకోనని తనే అంది, నేను ఒట్టు వేయించుకోలేదు.

ఇక్కడి మన తెలుగు సంఘం ప్రతి ఆగస్టులో కొత్త విద్యార్థులకి చాలా చేస్తోంది. ఎయిర్‌పోర్టుకి కారు పంపిస్తాం, మొదటి వారం భోజనం పెడతాం, గిన్నెలు సర్దిపెడతాం, అపార్ట్‌మెంట్ లీజు ఎలా చదవాలో చెబుతాం. డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అప్పు మాట నలుగురిలో ఎత్తితే పిల్లలు నొచ్చుకుంటారని మన సంకోచం. వాళ్లేమో ఇంట్లో చెప్పలేక, స్నేహితులకి చెప్పలేక, శుక్రవారం వస్తోందంటే టెన్షన్ పడుతూ ఒంటరిగా మోస్తున్నారు. వచ్చే ఆగస్టు స్వాగత సభలో ఒక అరగంట దీనికి ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఆ అరగంట మాట్లాడటానికి నేను సిద్ధం. మా అమ్మాయి కూడా వస్తానంది, ఫ్రిజ్ మీది కాగితం తీసుకుని.