సవరణ: పసుపు పూలది గుంటగలగర కాదు

పర్లాకిమిడి చుట్టుపక్కల వరిగట్ల మీద గుంటగలగర విరివిగా పూస్తోందని, తలనూనెకు కోసుకోవచ్చని మొన్న రాశాను. అది చదివి గుణుపురం, రాయగడ వైపు నుంచి కొందరు పసుపు పూల ఫోటోలు పంపి, ఇదేనా అని అడిగారు. కాదండీ. ఆ పోస్టుకు ఈ వివరం తప్పకుండా చేర్చాలి.

నేను చెప్పింది తెల్ల పూల మొక్క, శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. ఏడాదిలోపే మొలిచి, పూసి, విత్తనం రాల్చి ఎండిపోతుంది. తడి లేనిచోట పెద్దగా కనిపించదు. పువ్వు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు, అంచున సన్నని తెల్ల రేకలు కిక్కిరిసి ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా, తాకితే గరుకు. కాడ నలిపి కాసేపు ఆగండి: రసం గాలికి నల్లబడుతుంది, వేళ్ళకూ ఆ మరక అంటుతుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

మీరు పంపిన ఫోటోల్లో ఎక్కువ భాగం పార్కుల్లో, రోడ్డు డివైడర్ల మీద నాటే తీగ. ఆకుకు మూడు మొనలుంటాయి, ఏళ్ళ తరబడి పాకుతూనే ఉంటుంది. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క ప్రపంచంలోని 100 ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. దయచేసి దాన్ని నూనెలో వేయకండి, పీకి కాలువ గట్టున పడేయకండి. కణుపు దగ్గర వేళ్ళు వేసి మళ్ళీ అల్లుకుంటుంది.

ఆయుర్వేదంలో గుంటగలగరను భృంగరాజం అంటారు; అందులో పసుపు భృంగరాజంగా వాడే దేశవాళీ మొక్క మరొకటి ఉంది. దానికి ఆకు మొనలు చీలవు. అది కూడా ఏళ్ళ తరబడి బతికేదే.

ఇంకో మాట: కలుపు మందు కొట్టిన మడిలో తెల్లదైనా కోయకండి.